రాతియుగం తిండి... రాటుదేలే కండ!

అన్నం వద్దు, పప్పు వద్దు, పెరుగు అసలే వద్దు. ఆదిమానవుడు తిన్నదే తినాలి, బరువులెత్తాలి... అప్పుడే కండలు! వ్యాయామశాలల్లో ఇప్పుడు తరచూ వినిపించే మాట ఇది. ఆ మాట ఓ తెలుగింటి వంటగదిలోకి అడుగుపెడితే ఏమవుతుంది? కండ నిజంగా ఎవరికి కావాలి?

తెలుగువాళ్లు ఎదురుపడితే మొదట అడిగేది ఒకటే... 'అన్నం తిన్నారా?' అని. చపాతీ తిన్నా, ఉప్మాతో సరిపెట్టుకున్నా జవాబు మాత్రం 'ఆ, తిన్నాం' అనే. అన్నమంటే ఉడికిన బియ్యం ఒక్కటే కాదు, మొత్తం భోజనానికే అది పేరు. పసివాడి నోట్లో తొలి ముద్ద పెడితే అన్నప్రాశన. పదిమందికి పెడితే అన్నదానం. పంట పండించేవాడు అన్నదాత. అలాంటిచోట ఇంటి యజమాని 'రేపట్నుంచి నాకు అన్నం వద్దు' అంటే అది ఆహార నియమంలా వినపడదు. అలకలా వినపడుతుంది!

విశాఖపట్నంలో ఓ ఇంట్లో సరిగ్గా అలాగే వినపడింది.

బస్తా చెప్పిన నిజం

ఆయనకి నలభై రెండేళ్లు. ఆఫీసులో కుర్చీ ఉద్యోగం. లావుపాటి మనిషేం కాదు. చొక్కా వేసుకుంటే సన్నగానే కనిపిస్తాడు. చేతులు పుల్లల్లా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. మన దేశంలో మగవాళ్లు చాలామంది ఈ అచ్చులోనే ఉంటారు. తూకంలో మామూలుగా ఉంటారు, కానీ ఆ తూకంలో కండ వాటా తక్కువ, కొవ్వు వాటా ఎక్కువ.

ఓరోజు అపార్టుమెంటులో లిఫ్టు పనిచేయలేదు. పాతిక కిలోల బియ్యం బస్తా కింద ఉంది. ఎత్తి భుజాన వేసుకున్నాడు. మొదటి అంతస్తు మలుపు దగ్గరే ఆయాసం వచ్చింది. బస్తా దించేశాడు. వెనకాలే వస్తున్న వాచ్‌మన్ 'ఇలా ఇవ్వండి బాబూ' అంటూ అందుకుని, మూడో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కేశాడు. వాచ్‌మన్‌కి అరవై దాటాయి.

ఆ వారంలోనే రక్తపరీక్ష చేయించుకుంటే చక్కెర సరిహద్దులో ఉందన్నారు. ఇక లాభం లేదనుకుని వీధి చివర జిమ్‌లో చేరాడు. అక్కడి శిక్షకుడు పాతికేళ్ల కుర్రాడు. ఎగాదిగా చూసి తేల్చేశాడు... 'సార్, రైస్ బంద్. పాలియో చేయండి. ఆర్నెల్లలో మీరే చూస్తారు' అని.

పప్పేం పాపం చేసింది?

రాత్రి భోజనాల దగ్గర ఆయన జాబితా చదివాడు. బియ్యం, గోధుమ, రాగి, జొన్న... ధాన్యం ఏదీ ముట్టుకోకూడదు. కందిపప్పు, పెసలు, శనగలు, వేరుశనగ... కాయధాన్యాలూ కూడదు. పాలు, పెరుగు, మజ్జిగ వద్దు. పంచదార, మైదా, గానుగ పట్టని నూనెలు, పొట్లాల్లో దొరికే చిరుతిళ్లు వద్దేవద్దు. తినాల్సినవి... మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు, కొబ్బరి, బాదం లాంటి గింజలు.

ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది. 'అన్నం అంటే సరే... మరి పప్పేం పాపం చేసిందండీ?'

ఆ ప్రశ్నకి జవాబు కావాలంటే ఈ పద్ధతి పుట్టుక తెలుసుకోవాలి. అమెరికాలో వాల్టర్ వోగ్ట్‌లిన్ అనే ఉదరవ్యాధుల వైద్యుడు 1975లోనే రాతియుగం ఆహారం మీద పుస్తకం రాశాడు. పదేళ్ల తర్వాత, 1985లో, బాయిడ్ ఈటన్, మెల్విన్ కొన్నర్ అనే ఇద్దరు పరిశోధకులు 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఓ వ్యాసం ప్రచురించారు. మనిషి శరీరం లక్షల ఏళ్లపాటు వేటకీ, సేకరణకీ అలవాటుపడింది. వ్యవసాయం వచ్చింది మాత్రం సుమారు పన్నెండు వేల ఏళ్ల కిందట. ఈ కొద్దికాలంలో తిండి మారినంత వేగంగా శరీరం మారలేదు, ఈనాటి జబ్బులకి అదో కారణం అన్నది వాళ్ల వాదన. 2002లో లోరెన్ కార్డేన్ రాసిన 'ది పాలియో డైట్' ఆ ఆలోచనని జనంలోకి తీసుకెళ్లింది. వ్యవసాయంతో వచ్చినవన్నీ అందులో నిషిద్ధం. పప్పుదినుసులూ సేద్యంతో వచ్చినవే కాబట్టి పప్పుకీ శిక్ష పడింది!

మర్నాటినుంచి ఆ ఇంట్లో రెండు వంటలు మొదలయ్యాయి. ఓ పొయ్యి మీద అన్నం, చారు. ఇంకో పొయ్యి మీద గుడ్లు, చేపలు. విశాఖ కాబట్టి చేపలకి కొదవలేదు. వంజరం ఖరీదైన రోజున కానాగడతలు, కవళ్లు. అవీ లేకపోతే నెత్తళ్లు. ఇంటర్ చదివే కూతురు మాత్రం 'నాన్నా, రాతియుగంలో ఫ్రిజ్ ఉండేదా?' అని ఆటపట్టించేది. ఆయన తల్లి ఏమీ అనేది కాదు. కొడుకు కంచంలో అన్నం లేకపోవడం చూసి, తన కంచంలో ఇంకాస్త తగ్గించి పెట్టించుకునేది. ఆ సంగతి అప్పట్లో ఎవరూ గమనించలేదు.

మొదటి మూడు కిలోలు

రెండువారాల్లో మూడు కిలోలు తగ్గాడు. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు. కానీ ఆ మూడు కిలోలూ కొవ్వు కాదు. మన శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీరూ పోతుంది. తొలివారాల్లో తూకం ముల్లు చకచకా దిగడానికి ముఖ్య కారణం అదే.

అలాగని అంతా నీటిమూటేనా అంటే కాదు. సాయంత్రం ఆఫీసులో తినే పకోడీలు, రోజుకి నాలుగు చక్కెర టీలు, బేకరీ పఫ్‌లు... అన్నీ ఆగిపోయాయి. అది నిజమైన లాభం. పాలియోని మామూలు ఆహార సూచనలతో పోల్చిన నాలుగు ప్రయోగాలని కలిపి 2015లో ఓ సమీక్ష వచ్చింది. వాటిలో పాల్గొన్నది మొత్తం 159 మంది. నడుం కొలత, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు లాంటివి కొద్దికాలంలో పాలియో వాళ్లకే ఎక్కువ మెరుగుపడ్డాయి. మనుషులు తక్కువ, వ్యవధీ తక్కువ కాబట్టి ఏళ్ల తరబడి ఇలాగే ఉంటుందని దీన్నిబట్టి చెప్పలేం. కానీ చక్కెర, మైదా, పొట్లాల తిండి మానేస్తే మేలు జరుగుతుందనడంలో ఆశ్చర్యమేముంది?

అసలు చిక్కు ఆరోవారంలో వచ్చింది. జిమ్‌లో బరువులు పెరగడం ఆగిపోయింది. బస్కీలు తీస్తుంటే కళ్లు తిరిగేవి. నలభై కిలోలు ఎత్తినవాడు ముప్ఫై అయిదు దగ్గర తడబడ్డాడు. కండ పెంచుకోవడానికి వెళ్లినవాడు ఉన్న కండనే పోగొట్టుకుంటున్నాడు!

ఇలా జరిగే ప్రమాదం ఉందని స్వీడన్‌లో ఉమియో విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగంలోనూ కనిపించింది. మధుమేహం ఉన్న 32 మందికి పన్నెండు వారాలపాటు పాలియో ఆహారం ఇచ్చారు. సగంమందితో వ్యాయామమూ చేయించారు. 2017లో ఫలితాలు ప్రచురించారు. అందరికీ కొవ్వు తగ్గింది, ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. అయితే మగవాళ్లలో కొవ్వుతోపాటు కండ లాంటి కొవ్వులేని భాగమూ కొంత తగ్గింది. వ్యాయామం చేసినవాళ్లలో ఆ నష్టం తక్కువ. అంటే, పాలియో కొవ్వుని కరిగించగలదు కానీ కండని ఇచ్చేది ఆ జాబితా కాదు. ఆ సంగతి వేరే ఉంది.

కండ ఎలా వస్తుంది?

కండరానికి అలవాటులేని బరువు మోపితే దానికి 'ఇంకా బలం కావాలి' అన్న కబురు అందుతుంది. ఆ కబురు అందాక శరీరం మాంసకృత్తులతో కండరాన్ని మరమ్మతు చేసి, కాస్త గట్టిగా కడుతుంది. మళ్లీ అదే బరువైతే కొత్త కబురేమీ ఉండదు. కాబట్టి బరువు కొద్దికొద్దిగా పెరగాలి. ఉత్తరాంధ్ర పల్లెల్లో సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు చూసినవాళ్లకి ఇది కొత్త విషయం కాదు. పెద్ద రాయిని ఎవరూ మొదటి ఏడాదే ఎత్తరు. చిన్నదానితో మొదలుపెట్టి ఏళ్ల తరబడి దాని దగ్గరికి చేరుకుంటారు. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు లెక్కపెట్టి పెంచుకుంటూ పోవడమూ ఇందుకే.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ 240 కిలోల వెనక ఉన్నది ఏళ్ల తరబడి కిలో, రెండు కిలోల చొప్పున పెరిగిన సాధన.

ఇక ఇటుకలు కావాలి, అంటే మాంసకృత్తులు. మామూలు మనిషికి కిలో బరువుకి రోజూ 0.83 గ్రాములు చాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. బరువులెత్తి కండ పెంచుకోవాలనుకునేవాళ్లకి కిలోకి 1.6 గ్రాముల దాకా ఉపయోగం కనిపిస్తుందనీ, అంతకుమించి తిన్నా అదనంగా ఒరిగేది దాదాపు ఉండదనీ 2018లో 49 ప్రయోగాలని కలిపి చూసిన సమీక్ష తేల్చింది. 70 కిలోల మనిషికి ఇది 112 గ్రాములు. నాలుగు గుడ్లలో 24 గ్రాములు, పావుకిలో చేపలో 45-50 గ్రాములు, 150 గ్రాముల కోడిమాంసంలో 30-35 గ్రాములు వస్తాయి. బాదం, కూరగాయలు కలుపుకుంటే లెక్క సరిపోతుంది. పాలియోలో మాంసకృత్తుల కొరత రాదు. నెలాఖరుకి డబ్బుల కొరతే వస్తుంది!

మరి ఆరోవారంలో ఆయన ఎందుకు చతికిలపడ్డాడు? ఇటుకలున్నాయి కానీ పొయ్యిలో కట్టెలు లేవు. బరువులెత్తేటప్పుడు కండరం ప్రధానంగా వాడుకునేది గ్లైకోజెన్‌నే. ఆయన అన్నంతోపాటు భయంకొద్దీ దుంపలూ పండ్లూ మానేశాడు. మొత్తం తిండే తగ్గిపోయింది. నిజానికి పాలియో పిండిపదార్థాలని నిషేధించదు, ధాన్యాన్ని నిషేధిస్తుంది. పిండిపదార్థాలని దాదాపు పూర్తిగా తగ్గించే కీటో పద్ధతి వేరు, ఇది వేరు. చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు.

ఆవిడే దారి చూపింది. జిమ్‌కి వెళ్లే రోజుల్లో చిలగడదుంపలు ఉడకబెట్టి పెట్టింది. కంద, చేమదుంప కూరలు పెద్ద గిన్నెల్లో వండింది. అరటిపండ్లు తెచ్చి ఉంచింది. పాలు లేవు కాబట్టి క్యాల్షియం కోసం ముల్లుతో సహా నమిలేసే నెత్తళ్లు, నువ్వులు, మునగాకు. మూడువారాలు తిరిగేసరికి ఆయన మళ్లీ నలభై దాటాడు. ఏరోజు ఎంత ఎత్తాడో పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాడు. వారానికి మూడురోజులే వ్యాయామం, రాత్రి పదిన్నరకల్లా నిద్ర. కండ కట్టేపని జిమ్‌లో కాదు, విశ్రాంతిలోనే జరుగుతుంది మరి.

నిజంగా ఏం తిన్నారు?

రాతియుగం ఎక్కడో ఐరోపా గుహల్లో ఉందనుకుంటాం. అది మన దగ్గరా ఉంది. నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర నేలపొరల్లో సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండొనేషియాలో బద్దలైన టోబా అగ్నిపర్వతం బూడిద ఉంది. ఆ బూడిదకి పైనా, కిందా రాతి పనిముట్లు దొరికాయి. బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880ల్లోనే తవ్వకాలు జరిపాడు. తెలుగు నేల మీద మనుషులు వేటాడుతూ, ఏరుకుంటూ ఎన్నో వేల ఏళ్లు బతికారు.

అయితే వాళ్లందరి పళ్లెం ఒకటి కాదు. సముద్రం పక్కనున్నవాళ్లు చేపలు తిన్నారు. మంచుదేశాలవాళ్లు మాంసం ఎక్కువ తిన్నారు. అడవుల్లో ఉన్నవాళ్లు దుంపలు, కాయలు, తేనె తిన్నారు. నల్లమల చెంచుల సంప్రదాయ ఆహారంలోనూ వేటమాంసంతోపాటు దుంపలకి, అడవి పండ్లకి, తేనెకి పెద్ద వాటా ఉంది. గింజలు ఎవరూ ముట్టలేదన్న మాటా నిలవదు. ఇజ్రాయెల్‌లోని ఒహాలోలో 23 వేల ఏళ్లనాటి మనుషులు అడవి బార్లీ, గోధుమలు పోగేసి నూరుకున్న ఆనవాళ్లున్నాయి. జోర్డాన్‌లో 14 వేల ఏళ్ల కిందటే రొట్టె కాల్చుకున్నారు. అప్పటికి వ్యవసాయం పుట్టనేలేదు. నియాండర్తల్ మనుషుల పళ్ల గారలోనూ ఉడికిన పిండిపదార్థం జాడలు దొరికాయి.

ఇక దక్షిణాదిలో తొలి రైతులు నాలుగైదు వేల ఏళ్ల కిందట కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాల్లో పండించిన పంటల్లో అండుకొర్రలు, ఉలవలు, పెసలు ఉన్నాయి. ఉలవచారు అంత పాతదన్నమాట. రాతియుగం మనిషి తిన్నది అచ్చంగా తినడం ఇప్పుడు ఎవరికీ కుదరదు. ఆనాటి మాంసం, పండు, దుంప ఏవీ ఈనాటివి కావు. ఆ మనిషి నుంచి నేర్చుకోదగ్గవి రెండున్నాయి. మిల్లుల్లో తెల్లబడిన తిండి తినలేదు, రోజంతా కూర్చోలేదు.

అందరికన్నా అవసరం ఎవరికి?

ఎనిమిదో నెలలో ఆ ఇంట్లో అనుకోనిది జరిగింది. ఆయన తల్లికి డెబ్భై ఒకటి. తెల్లవారుజామున మంచం మీంచి లేవబోయి తూలి పడిపోయింది. ముంజేతి ఎముక చిట్లింది. కట్టు కట్టిన వైద్యుడు 'ఎముక అతుక్కుంటుంది, ఫర్వాలేదు. పడిపోవడమెందుకు జరిగిందో చూశారా?' అన్నాడు. పెద్దావిణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమన్నాడు. లేవలేకపోయింది. రెండోసారీ లేవలేకపోయింది. కొడుకు పక్కనే నిలబడి చూశాడు. అప్పటికి తను జిమ్‌లో అరవై కిలోలతో బస్కీలు తీస్తున్నాడు.

ముప్ఫై ఏళ్లు దాటాక పదేళ్లకోసారి కండలో మూడు నుంచి ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. అరవై దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుంది. వైద్యులు దీన్ని సార్కోపీనియా అంటారు. 'పెద్దతనం కదా' అని మనం సరిపెట్టుకుంటాం. కానీ ఇది సరిపెట్టుకోవాల్సింది కాదు. మనదేశంతో సహా 17 దేశాల్లో సుమారు లక్షా నలభై వేలమందిని పరిశీలించిన అధ్యయనం 2015లో 'లాన్సెట్'లో వచ్చింది. చేతిపట్టు ఎంత సన్నగిల్లితే మరణం ముప్పు అంత ఎక్కువగా ఉన్నట్టు అందులో కనిపించింది.

పెద్దావిడ కంచంలో ఏముండేదని ఆరోజు తొలిసారి లెక్కపెట్టారు. భర్త పోయాక మాంసం, చేప, గుడ్డు మానేసి పన్నెండేళ్లు. పొద్దున రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం చారన్నం, చివర్లో పల్చటి మజ్జిగ. రాత్రికి 'ఆకలిగా లేదమ్మా' అని ఓ అరటిపండు. అందరూ తిన్నాక ఉన్నది తినే అలవాటు. యాభై కిలోల మనిషికి పాతిక, ముప్ఫై గ్రాముల మాంసకృత్తులు కూడా అందడం లేదు. పెద్దవయసువాళ్లకి కిలోకి ఒక గ్రాము నుంచి 1.2 గ్రాములు ఉండాలని నిపుణులు చెబుతారు. అంటే ఆవిడకి కావాల్సింది రోజుకి 50 నుంచి 60 గ్రాములు. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో రోజూ గ్రాముల లెక్కలే. ఆ లెక్కల్లో పెద్దావిడ లేదు.

పాలియో జాబితా ఆవిడకి పనికిరాదు. అందులో ఉన్నవి ఆవిడ తినదు, ఆవిడ తినేవి అందులో లేవు. అప్పుడే కోడలు పాత ప్రశ్నకి తనే జవాబు చెప్పింది... 'పప్పు పాపమేం చేయలేదు, మనమే దాన్ని పల్చగా చేశాం' అని. ఆరోజు నుంచి చారు బదులు ముద్దపప్పు. మజ్జిగ బదులు గడ్డపెరుగు. పొద్దున పెసరట్టు. నాలుగింటికి గుప్పెడు ఉడికించిన వేరుశనగలు. రాత్రి పడుకోబోయేముందు గ్లాసు పాలు. రోజుకి అరవై గ్రాముల పప్పులో 13 గ్రాములు, పెరుగూ పాలూ కలిపి 400 గ్రాములైతే మరో 13, వేరుశనగల్లో ఏడెనిమిది, పెసల్లో ఏడు, బియ్యంలో పది... లెక్క యాభైకి చేరింది. బియ్యం మూడుపాళ్లు, పప్పు ఒకపాలు ఉంటే ఒకదానిలో తక్కువైన అమైనో ఆమ్లాలని రెండోది పూరిస్తుందని పోషకాహార నిపుణులు చెప్పేదీ ఇదే.

మాంసం లేకుండా బలం వస్తుందా అన్న అనుమానం ఉంటే విశాఖ బీచ్‌రోడ్డులో కోడి రామమూర్తినాయుడి విగ్రహం చూడాలి. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, సర్కస్‌లో ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న మల్లుడాయన. శాకాహారి అనే చెబుతారు. అదే విజయనగరంలో గురజాడ 1910లో రాసిన దేశభక్తి గేయంలో తిండికీ కండకీ, కండకీ మనిషికీ ముడి వేశారు. ఏ తిండి అని మాత్రం పట్టింపు పెట్టలేదు.

కుర్చీ... ఓ వ్యాయామశాల

తిండి ఒక్కటే అయితే సరిపోదు. కండకి కబురందాలి కదా! డెబ్భై దాటాక కూడా ఆ కబురు అందుతుందా? 1990లో అమెరికాలోని బోస్టన్‌లో ఓ వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్లున్న పదిమందితో ఎనిమిది వారాలపాటు కాళ్లకి బరువుల వ్యాయామం మొదలుపెట్టించారు. చివరిదాకా చేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో సాధ్యమైంది డెబ్భైలో ఎందుకు కాదు?

కట్టు విప్పాక, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు కొడుకే తల్లికి శిక్షకుడయ్యాడు. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచాడు. దాని మీంచి లేచి కూర్చోవడం అయిదుసార్లు. పట్టుబడ్డాక ఒక దిండు తీసేశాడు. పదిహేను రోజులకి రెండోదీ తీసేశాడు. బరువు పెంచడానికి ఇదో పద్ధతి. గోడకి చేతులానించి దండీలు. అర లీటరు నీళ్ల సీసాలతో చేతులకి కసరత్తు. మొదట్లో ఆవిడ 'ఈ వయసులో నాకీ సాము గరిడీలేమిట్రా నాయనా' అని నవ్వేది. తర్వాత మనవరాలు గడియారం పట్టుకుని లెక్కపెడుతుంటే పౌరుషం వచ్చింది. అయిదుసార్లు లేచి కూర్చోడానికి పదిహేను సెకన్లకన్నా ఎక్కువ పడితే కాళ్లలో బలం తగ్గినట్టు గుర్తు. నాలుగు నెలల్లో ఆవిడ పద్నాలుగుకి వచ్చింది.

కొడుకు సంగతీ చెప్పాలి. ఏడాది తిరిగేసరికి డెబ్భై కిలోలతో బస్కీలు తీస్తున్నాడు. నడుం రెండంగుళాలు తగ్గింది, చక్కెర సరిహద్దుకి ఇవతలికి వచ్చింది. ఈలోగా జాబితా మారింది. చేపలు, గుడ్లు, ఆకుకూరలు, దుంపలు అలాగే ఉన్నాయి. పప్పు, పెరుగు తిరిగొచ్చాయి. అన్నమూ వచ్చింది... కానీ కొండలా కాదు, ఓ కప్పు. పంచదార, పకోడీ మాత్రం రాలేదు. పాలియోవాళ్లు దీన్ని పాలియో అని ఒప్పుకోరు. ఆయనా పేరు పెట్టడం మానేశాడు. ఇంట్లో మళ్లీ ఒకే వంట!

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలూ దాదాపు ఇటే చూపిస్తాయి. పళ్లెంలో ధాన్యం వాటా తగ్గాలి, పప్పులు, కూరగాయలు పెరగాలి. కండల కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని కూడా అవి చెబుతున్నాయి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాంసకృత్తులు పెంచేముందు, మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు అన్నం తగ్గించేముందు వైద్యుణ్ని తప్పక అడగాలి. పిండిపదార్థం తగ్గి మందు మోతాదు అలాగే ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

కండ అనగానే అద్దం ముందు నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తాడు. నిజానికి దాని అవసరం ఎక్కువగా పడేది బాత్‌రూమ్ గడప దాటేటప్పుడు, బస్సు మెట్టు ఎక్కేటప్పుడు, నేలమీద ఆడుతున్న పసిబిడ్డని వంగి ఎత్తుకునేటప్పుడు. అన్నం మానాలా వద్దా అన్న వాదన ఇంట్లో ఎంతసేపైనా జరగొచ్చు. ఈలోగా, అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చునే మనిషి కంచంలోకి ఓసారి తొంగిచూడండి. గడ్డపెరుగు అక్కడి నుంచే మొదలవ్వాలి.